పార్లమెంటు ఆవరణలోని పటముల అంగడి

ఆడమ్ స్మిత్ పేరు వినని విద్యావంతులు అరుదు. 1776లో 'దేశముల సంపద' యను మహాగ్రంథమును ప్రకటించి ఆధునికార్థశాస్త్రమునకు ఆద్యుడని కీర్తి గాంచిన ఆ పండితుని ముఖరూపము నేడు మనకు తెలియుచున్నదన్నచో, అందులకు కారకులైనవారు ప్రధానముగా ఇరువురు: పతకములను పోతపోయు జేమ్స్ టాసీ ఒకడు, ఎడింబరో నగరమున పార్లమెంటు ఆవరణలో చిన్న పటముల అంగడి పెట్టుకొన్న జాన్ కే మఱియొకడు. టాసీ పోతపోసిన పతకము 1787 నాటిది. అది పార్శ్వముఖమును మాత్రము చూపి యూరకుండును. ఆ మనుష్యుడు వీథిలో ఎట్లు నడచుచుండెనో, చేతికఱ్ఱను భుజముపై ఎట్లానించుకొనుచుండెనో, రెండవచేత పూలగుత్తి పట్టుకొని, అంచు వెడల్పైన టోపీక్రింద ఏదో పరధ్యానముతో ఎట్లు సాగిపోవుచుండెనో తెలిసికొనవలెనన్న మనము జాన్ కే చెక్కిన రాగిరేకునే ఆశ్రయింపవలెను. ఆ రేకును చెక్కినవాడు రాజాస్థానముల నాశ్రయించిన చిత్రకారుడు గాడు. రోమునగరమునకు పోయి ప్రాచీనశిల్పములను పరిశీలించి వచ్చినవాడు గాడు. ఏ గురువునొద్దను ఒక్కదినమైనను చిత్రకళ నభ్యసించినవాడును గాడు. నలువదియేండ్లు దాటువఱకు క్షురకవృత్తిచే కుటుంబమును పోషించుకొన్న సామాన్యుడు. అయినను ఒక నగరమున ఒక తరమువారినందఱను, న్యాయాధిపతులనుండి ఉప్పమ్ముకొను స్త్రీలవఱకు, ఒక్కచేతితో, ముఖస్తుతి లేక, ద్వేషమును లేక, వరుసగా నలువదియేండ్లు చిత్రించి నిలిపినవాడు అతడుగాక మఱియొకడు కలడా యని నేను తలపోయుచుందును.

జాన్ కే చిత్రించిన ఎడింబరోను గూర్చి ముందుగా కొంత చెప్పవలసియున్నది. 1707లో ఇంగ్లండుతోడి ఐక్యమువలన స్కాట్లండు తన పార్లమెంటును కోల్పోయెను; కాని న్యాయస్థానములు, క్రైస్తవసంఘము, విశ్వవిద్యాలయములు తనకే మిగిలెను. రాజకీయాధికారము లండనుకు తరలిపోగా మిగిలిన బుద్ధిబలమంతయు ధర్మశాస్త్రమునందును, వైద్యమునందును, తత్త్వవిచారమునందును, ప్రకృతిశాస్త్రములందును ప్రవహించెను. కోటనుండి హోలీరూడ్ రాజభవనమువఱకు కొండవెన్నుమీద దిగుచు పోవు ఒక్క పెద్దవీథి, దానికి ఇరువైపుల ఆఱేడంతస్తుల రాతిమేడలు, ఆ మేడలనడుమ పగటివేళనైన వెలుగు సోకని ఇఱుకుసందులు, ఇదియే పాతపట్టణము. ఒకే మెట్లదారిన క్రిందియంతస్తులో చేపలమ్మువారును, నడిమియంతస్తులో న్యాయాధిపతియు, పైయంతస్తులో కుట్టుపనివాడును నివసించుచుండిరి. 1767లో జేమ్స్ క్రెయిగ్ రచించిన ప్రణాళిక ననుసరించి ఉత్తరదిశలో నూతనపట్టణము లేచి, ధనవంతులు క్రమక్రమముగా అచ్చటికి తరలిపోవుచుండినను, న్యాయస్థానములు మాత్రము పాతపట్టణమున, సెయింటు జైల్సు దేవాలయమునకు వెనుకనున్న పార్లమెంటు ఆవరణలోనే నిలిచియుండెను. కావున పనియున్నవాడును, పనిలేనివాడును, దావా వేసినవాడును, దావాలో ఓడినవాడును ఆ ఆవరణను దాటిపోక తప్పదు. జాన్ కే అంగడి అచ్చటనే ఉండెను. ముఖములను వేటాడువానికి అంతకంటె మంచిచోటు ఆ నగరమున లేదు.

అతడు 1742వ సంవత్సరము ఏప్రిలులో, ఎడింబరోకు కొలది మైళ్ళ దూరముననున్న డాల్కీత్ సమీపమున జన్మించెను. తండ్రి తాపీపనివాడు; పినతండ్రియు ఆ పనివాడే. కుమారుని కూడ ఆ పనియందే ప్రవేశపెట్టవలెనని తండ్రి తలంచెను గాని, బాలుడు పసివాడై యుండగనే ఆయన కాలధర్మము నొందెను. తల్లి దిక్కులేనిదై బిడ్డను లీత్ రేవుపట్టణమునందలి తనబంధువుల యింట నుంచెను. అచ్చట ఆ బాలుడనుభవించిన కష్టములు చెప్పతరముగానివి. కడుపునిండ కూడు పెట్టువారు లేరు. కారణమున్నను లేకున్నను కొట్టువారున్నారు. ఒకమారు ఓడరేవులో నీటబడి ప్రాణములకు మోసమువచ్చి బ్రదికి బయటపడెను. అట్టి దుర్దినములలో ఆ పిల్లవాని కూఱట కలిగించినది బొగ్గుముక్కయు సున్నపుముక్కయు మాత్రమే. గుఱ్ఱములు, కుక్కలు, రేవులోని ఓడలు, ఏది కంటబడిన దాని నెల్ల గోడలమీదను నేలమీదను గీయుచుండెనట. ఎవరును నేర్పని విద్య అది. ఎవరును మెచ్చని విద్యకూడను.

పదుమూడవయేట అతనిని డాల్కీత్ లోని ఒక మంగలియొద్ద శిష్యునిగా చేర్చిరి. ఆఱేండ్లు అచ్చట ఊడిగము చేసి పనినేర్చి, ఎడింబరోకు వచ్చి ఏడేండ్లు కూలికి పనిచేసెను. ఆ కాలపు మంగలిపని యనగా గడ్డము గీయుటతో ముగియునది గాదు. గౌరవస్థులైన పురుషులందఱు కృత్రిమకేశములను, అనగా విగ్గులను, ధరించుచుండిరి. వానిని దువ్వుట, చుట్టలు తిప్పుట, పొడి చల్లుట, చెవులప్రక్క వరుసలు తీర్చుట, వెనుకజడను సంచిలో నిమిడ్చి కట్టుట మొదలైనవన్నియు మంగలిచేతి పనులు. న్యాయవాదివిగ్గు వేఱు, వైద్యునివిగ్గు వేఱు, మతాచార్యునివిగ్గు వేఱు. ఏవిగ్గు ఏముఖమునకు ఎట్లమరునో, ఏ నొసలు ఎంత పొడవో, ఏ ముక్కు ఏ వంపు తిరిగినదో, ఏ చుబుకము ఎంత ముందుకు పొడుచుకొని వచ్చినదో ప్రతిదినము వ్రేళ్ళతో తడవి తెలిసికొనువాడు క్షురకుడే. చిత్రకారుడు ముఖమును కన్నులతో చూచును. క్షురకుడు చేతులతో కూడ చూచును. జాన్ కే తరువాత గీచిన పార్శ్వముఖములలో కానవచ్చు నిశ్చయతకు మూలము చిత్రశాలలో గాక క్షురశాలలోనే ఉన్నదని నా నమ్మకము.

స్వతంత్రముగా అంగడి పెట్టుకొనవలెనన్న ఆ నగరమున వృత్తిసంఘముయొక్క అనుమతి యుండవలెను. ఎడింబరోలో శస్త్రవైద్యులును క్షురకులును 1505 నుండి ఒకే సంఘముగా నుండి, 1722లో విడిపోయిరి. అయినను సంఘములో చేరుటకు చెల్లింపవలసిన రుసుము మాత్రము తగ్గలేదు. ఏడేండ్లు కూలిపని చేసి కూడబెట్టిన ద్రవ్యములోనుండి సుమారు 40 పౌనులు చెల్లించి 1771 డిసెంబరు 19వ తేదీన జాన్ కే ఆ హక్కును సంపాదించుకొనెను. అప్పటికి అతడు ఇరువదియవయేటనే లిల్లీ స్టీవెన్ అను యువతిని పెండ్లాడి, సంసారభారమును తలకెత్తుకొనియున్నవాడు. ఆ దంపతులకు పదునొకండుగురు సంతానము కలిగిరి. జ్యేష్ఠుడగు విలియము తప్ప తక్కినవారందఱు బాల్యముననే మరణించిరి. చరిత్రకారులు ఈ విషయమును ఒక్కవాక్యమున ముగింతురు. పదిమార్లు పసిబిడ్డల శవములను శ్మశానమునకు మోసిన యింటిలో ఆ వాక్యము ఎంత దీర్ఘమైయుండెనో ఊహించుకొనవలసినవారము మనము.

క్షురకవృత్తియే అతనికి ధనికుల గృహద్వారములను తెఱచెను. అట్లు పరిచితులైనవారిలో డర్లెటను ప్రభువగు విలియం నిస్బెట్ ముఖ్యుడు. ఇతడు జాన్ కే సౌజన్యమునకును చిత్రకౌశలమునకును మెచ్చి, తన కడపటి సంవత్సరములలో అతనిని తన గ్రామసౌధమునకు పిలిపించుకొని చిరకాలముంచుకొనుచుండెను. అచ్చట తీఱిక లభించుటచే జాన్ కే చిన్నచిన్న ముఖచిత్రములు వ్రాయుట కలవాటుపడెను. నిస్బెట్ అతనికి వర్షాశనము నేర్పఱుపవలెనని తలచియు, జాగుచేసి, ఏర్పాటు చేయకయే మరణించెను. కాని ఆయన వారసుడు తండ్రి హృదయమెఱిగినవాడు. ఏటేట 20 పౌనుల వర్షాశనము నిచ్చి ఆ మాట నిలువబెట్టెను. ఇరువది పౌనులు ఐశ్వర్యము గాదు. అయినను మఱునాటి కూటికి వెదకికొననక్కఱలేని స్థితి కళావంతునకు కలిగింపదగిన ఉపకారమేదో ఆ ఇరువది పౌనులును జాన్ కేకు కలిగించినవి. 1785లో అతడు కత్తిని క్రిందనుంచి, రాగిరేకును చేతబట్టెను.

అంతకు ముందటిసంవత్సరమే, అనగా 1784లో, అతని మొదటి ముద్రితచిత్రము వెలువడియుండెను. ఆ చిత్రమునకు వస్తువైన మనుష్యుడును అద్భుతవ్యక్తియే. కిన్‌క్రేగీ ప్రభువని పిలువబడు జేమ్స్ రాబర్ట్‌సన్ స్టూఅర్టు రాజవంశపక్షపాతి. 1745 నాటి తిరుగుబాటులో పాల్గొని, తరువాత మతిచలించి, తన్ను రాజద్రోహిగా బంధింపవలెనని అధికారులను తానే వేడుకొనుచు వీథులవెంట తిరుగుచుండినవాడు. అతనికొక వింత నేర్పు కలదు. తనకు ప్రీతిపాత్రులైనవారి తలలను, తనకు కోపము తెప్పించినవారి తలలను కఱ్ఱతో చెక్కి, చేతికఱ్ఱకొనకు తగిలించుకొని ఊరేగుచుండును. ఈ దినము కఱ్ఱమీద ఎవరున్నారని పురజనులు ఆయనను అడుగుట పరిపాటియైపోయెనట. నగరమునందలి పెద్దమనుష్యుల ముఖములను చెక్కి వీథిలో ప్రదర్శించిన ఆ ఉన్మత్తుని ముఖమే జాన్ కే మొదట చెక్కి వీథిలో ప్రదర్శించిన ముఖమగుట విచిత్రమైన సంఘటన. ఒకని పని యెచ్చట ముగిసెనో రెండవవాని పని యచ్చట ఆరంభమయ్యెను. పటము వెలువడుటతోడనే జనులు విరగబడి చూచిరి, కొనిరి, చెక్కినవానిపేరు నగరమంతట ప్రాకెను.

ఈ కళయొక్క పద్ధతిని ఇంచుక వివరించుట అవసరము. రాగిరేకుమీద ఉలితో గాడులు తీసి చిత్రమును చెక్కు పద్ధతి వేఱొకటి కలదు. అది బహుకాలము అభ్యసించిననే గాని పట్టువడదు, లోహముతో పెనుగులాడు బలము కావలెను. జాన్ కే అవలంబించిన ఎచ్చింగు అట్టిది గాదు. నున్నగా మెఱుగుపెట్టిన రాగిరేకును కొంచెము వేడిచేసి, మైనమును గుగ్గిలమువంటి జిగురులను కలిపి కరగించిన లేపనమును పలుచగా పూయుదురు. మైనపువత్తి పొగకు దానిని పట్టి నల్లబఱతురు. ఆరిన పిమ్మట సన్నని యినుపసూదితో ఆ నల్లని పూతపై బొమ్మ గీయుదురు. సూది పోయినచోటులనెల్ల పూత తొలగి ఎఱ్ఱని రాగి కనబడును. కాగితముపై కలముతో గీయునంత సులువుగా చేయి ఆడును. తరువాత రేకును నత్రికామ్లద్రావకములో ముంచిన, పూత యున్నచోట ద్రావకము రేకును తాకజాలదు. గీతలున్నచోట మాత్రము బుసబుస పొంగుచు రాగిని కొఱికి గాడులు చేయును. లేతగా నుండవలసిన గీతలను కొంతసేపటికే వార్నిషుతో మూసివైచి, ముదురుగా నుండవలసినవానిని మరల ద్రావకములో నుంచుదురు. ఎంతసేపుంచవలెనో చెప్పు శాస్త్రము లేదు. కన్నును అనుభవమును చెప్పవలెను. ఒక్క నిమేషము మీఱిన, సుకుమారమైన కనుఱెప్పగీత సైతము కాటుకరేఖవలె మొద్దుబారును.

పూతను కరగించి తుడిచివేసిన తరువాత రేకు సిద్ధమగును. వెచ్చజేసిన రేకుపై చిక్కని నల్లసిరాను గాడులలోనికి దిగునట్లు రుద్ది, పైభాగమును పలుచని గుడ్డతోను అరచేతితోను శుభ్రముగా తుడిచి, తడిపిన కాగితమును దానిపై పఱచి, ఉన్నిగుడ్డలు కప్పి, రెండు రోలర్లనడుమ దూర్చి త్రిప్పుదురు. ఆ ఒత్తిడికి తడికాగితము గాడులలోనికి దిగి సిరాను పీల్చుకొని వచ్చును. బొమ్మ కుడియెడమలు తాఱుమాఱై పడును గావున రేకుపై అక్షరములను కూడ వెనుకనుండి ముందుకు వ్రాయవలెను. ప్రతి ప్రతికిని మరల సిరా రుద్దుట, మరల తుడుచుట, మరల త్రిప్పుట తప్పదు. ఇంత శ్రమయున్నను, తైలవర్ణచిత్రముతో పోల్చిన ఇది చవుకపని. ఒక్క రేకునుండి అనేక ప్రతులు వచ్చును. సామాన్యుడును ఒక ప్రతిని కొని గోడకు తగిలించుకొనగలడు. నిన్న వీథిలో జరిగిన వింత కొలదిదినములలో అంగడిగవాక్షమున పటమై వ్రేలాడగలదు. జాన్ కేకు గురువులేని చేయి. వేగముగా చూచి వేగముగా పట్టుకొను కన్ను. అతనికి తగిన సాధనము ఇంతకంటె మఱియొకటి లేదు. శరీరమును వస్త్రములను స్పష్టమైన గీతలతో నిలిపి, ముఖభాగమును మాత్రము సన్నని చుక్కలతో మృదువుగా తీర్చుట అతని వాడుక.

పార్లమెంటు ఆవరణకు ఆగ్నేయమూలనున్న ఆ చిన్న అంగడి త్వరలోనే నగరవాసులకు చూడదగిన స్థలమయ్యెను. వార్తాపత్రికలు ముఖచిత్రములను ముద్రింపని కాలమది. కావున అంగడిగవాక్షమే ప్రజలకు సచిత్రపత్రికగా నుండెను. నేడెవరు వ్రేలాడుచున్నారో చూచుటకు జనులు గుమికూడెడివారు. తమరూపమును అచ్చట చూచి సంతోషించి ప్రతులు కొన్నవారు కొందఱు. సిగ్గిలి, దొరికిన ప్రతులనెల్ల కొని తగులబెట్టినవారు కొందఱు. ఒకడు అంతటితో తృప్తిపడక చిత్రకారుని కఱ్ఱతో కొట్టెను. హామిల్టన్ బెల్ అను న్యాయవృత్తియందలి పెద్దమనుష్యుడు పందెము కాచి, ఒక బాలుని వీపున మోసికొని మస్సెల్‌బరోవఱకు పోయినకథ నగరమంతట వ్యాపింపగా, జాన్ కే దానిని చిత్రించి గవాక్షమున నుంచెను. బెల్ ఆగ్రహించి 1792లో అభియోగము తెచ్చెను. అభియోగము నిలువలేదు. జాన్ కే ఊరకుండెనా? ఆ విచారణజరిగిన దృశ్యమునే మఱియొక పటముగా చెక్కి అంగడిలో పెట్టెను. న్యాయస్థానముల నీడలో బ్రదుకుచు న్యాయవాదులకే వెఱవని ఆ మాజీమంగలి ధైర్యము శ్లాఘింపదగినది.

అతని చిత్రములను హాస్యచిత్రములని పలువురు వ్యవహరించిరి. ఆ మాట సగము మాత్రమే సత్యము. సమకాలికుడై లండనులో ఖ్యాతిగాంచిన జేమ్స్ గిల్‌రేతో పోల్చిచూచిన భేదము స్పష్టమగును. గిల్‌రే ముఖమును సాగదీయును, ఉబ్బించును, మంత్రులను కీటకములుగా రాక్షసులుగా మార్చును. అతని సూదికి విషముండును. జాన్ కే అట్టి అతిశయోక్తికి పాల్పడడు. ఉన్న ముక్కును ఉన్నట్లు చూపును. అది పెద్దదైన, ఆ దోషము అతనిది గాదు. బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును స్థాపించినవారిలో ఒకడగు ఆండ్రూ బెల్ నాలుగున్నర అడుగుల పొట్టివాడు, అసాధారణమైన నాసిక కలవాడు. స్వయముగా రాగిరేకులు చెక్కు శిల్పియే. ఆ గ్రంథముయొక్క ప్రథమసంపుటములను కూర్చిన విలియం స్మెల్లీతోకూడ జాన్ కే అతనిని ఒకేపటమున నిలిపెను. ఆ పటమున బెల్ ముక్కు చూచి నవ్వువారు నవ్వవచ్చును. కాని దానిక్రింద ముద్రితమైన తెలివి, ఠీవి, ఆత్మవిశ్వాసము కూడ కనబడక మానవు.

లోపములను దాచుట విమర్శకునకు తగదు. జాన్ కే గీచిన కాళ్ళు తఱచుగా కొయ్యకాళ్ళు, చేతులు చేతితొడుగులవంటివి, మనుష్యులవెనుక నిలిచిన భవనములు పరిప్రేక్ష్యశాస్త్రమును లెక్కసేయవు. ఇరువురు సంభాషించుచున్నట్లు గీచినను ఒకరినొకరు చూచుకొనరు. అదే నగరమున, అదే కాలమున, హెన్రీ రేబర్న్ వెలుగునీడలను కుంచెతో ఆడించుచు స్కాట్లండు ప్రముఖులను మహాగాంభీర్యముతో చిత్రించుచుండెను. కళాకౌశలమున ఇరువురికిని హస్తిమశకాంతరము. కాని రేబర్న్ యెదుట కూర్చుండినవారు చిత్రింపబడుటకు సిద్ధపడి, మంచివస్త్రములు ధరించి, తగిన ముఖభావమును తెచ్చుకొని కూర్చుండినవారు. జాన్ కేకు ఎవరును కూర్చుండలేదు. న్యాయస్థానమునకు పరుగెత్తుచున్నప్పుడు, వంతెనపై గాలికి టోపీ పట్టుకొనుచున్నప్పుడు, తమ్మెవరును చూచుటలేదని తలచుచున్నప్పుడు వారు అతని కంటబడిరి. అందువలన రేబర్న్ చిత్రములు ఆ మనుష్యులు ఎట్లు కనబడగోరిరో చెప్పగా, జాన్ కే పటములు వారు ఎట్లు కనబడిరో చెప్పును. చరిత్రకు రెండును కావలసినవే. రెండవది దొరకుట మాత్రము దుర్లభము.

జేమ్స్ హటన్‌ను చూడుడు. భూమి కొలదివేలయేండ్లది గాదనియు, వర్షము, నదులు, అంతర్గతమైన వేడి యుగయుగములుగా శిలలను కరగించుచు మరల నిర్మించుచు నున్నవనియు 1785లో ఎడింబరో రాయల్ సొసైటీయెదుట ప్రతిపాదించి భూగర్భశాస్త్రమునకు మూలపురుషుడైన మహనీయుడాయన. ఆయన సుత్తి చేతబట్టి ఒక రాతికొండయెదుట నిలిచియుండగా, ఆ కొండ అంచులే మానవముఖములై ఆయనవైపు చూచుచున్నట్లు జాన్ కే చిత్రించెను. ఆ ముఖములు ఆయన సిద్ధాంతమును ఖండించినవారివని చెప్పుదురు. రాతిని ప్రశ్నించిన శాస్త్రజ్ఞునకు రాతిలోనుండియే ప్రతిపక్షులు మొలచుట ఎంత చక్కని కల్పన! 1787 నాటి మఱియొక పటమున హటనును, ఆయన ప్రాణస్నేహితుడగు రసాయనశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాకును ఎదురెదురుగా కూర్చుండియుందురు. దాని పేరు 'తత్త్వవేత్తలు'. విశ్వవిద్యాలయాధ్యక్షుడు, చరిత్రకారుడు విలియం రాబర్ట్‌సన్ కూడ ఈ వరుసలోనివాడే. ప్రాచీనులకు భారతదేశమునుగూర్చి తెలిసిన విషయములను పరామర్శించు గ్రంథమును 1791లో ప్రకటించి, మనదేశపు నాగరకతను గౌరవముతో వర్ణించిన ఆ పండితుని రూపమును మనవారు చూడదలచిన, జాన్ కే రేకు వారికి ఉపకరించును.

ఫ్రెంచివిప్లవము తరువాత ఆ ప్రశాంతవాతావరణము మాఱెను. పార్లమెంటు సంస్కరణమును కోరినవారు రాజద్రోహులని ప్రభుత్వము తలచెను. 1793 ఆగస్టులో థామస్ మ్యూర్ అను యువన్యాయవాదిని విచారించి పదునాలుగేండ్ల ద్వీపాంతరవాసశిక్ష విధించిరి. స్కిర్వింగ్, మార్గరట్, జెరాల్డ్ మొదలగువారు అతనివెంట శిక్షితులైరి. అట్టి విచారణలయందు అగ్రాసనాసీనుడై కాఠిన్యమునకు పేరుమోసిన న్యాయాధిపతి లార్డు బ్రాక్స్‌ఫీల్డు. జాన్ కే శిక్ష విధించినవానిని, శిక్షితులను కూడ చెక్కెను. అందఱను ఒకే అంగడిలో వ్రేలాడదీసెను. తనకే పక్షమిష్టమో ఏ పటముక్రిందను వ్రాయలేదు. కాని రాజద్రోహులని ముద్రపడినవారి రూపములను గౌరవముగా తీర్చి, ఆ భయదినములలో న్యాయస్థానపు గడపయొద్దనే బహిరంగముగా అమ్ముటకు ఎంత గుండె కావలెనో చదువరులు గ్రహింపగలరు. ఎడింబరోలోని కాల్టన్ కొండపై ఆ వీరులకు స్మారకస్తంభము 1844లో లేచినది. జాన్ కే పటములు దానికంటె అర్ధశతాబ్దము ముందటివి.

మహాపురుషులను చిత్రించువారు ఎప్పుడును ఉందురు. నాకు జాన్ కేపై గౌరవమును ఇనుమడింపజేసినవి వేఱుపటములు. పగలు నగరసభాసభ్యుడై, గౌరవనీయుడగు వడ్రంగిపెద్దయై, రాత్రులయందు కన్నములు వేసి 1788 అక్టోబరు 1వ తేదీన ఉరిదీయబడిన విలియం బ్రోడీ అచ్చట నున్నాడు. 1785 అక్టోబరు 5న హెరియట్ పాఠశాల తోటనుండి గాలిగుమ్మటమునెక్కి, సముద్రపుపాయను దాటి ఫైఫ్ సీమలో దిగిన ఇటలీదేశీయుడు లూనార్డీ ఉన్నాడు. ఊరిలో ఎవరు చచ్చినను పిలువకయే వచ్చి, నల్లగుడ్డ కట్టుకొని శవయాత్రకు ముందు నడచు వెఱ్ఱిబాగులవాడు జేమీ డఫ్ ఉన్నాడు. వీథివీథి తిరిగి ఉప్పమ్మిన మార్గరెట్ సూటీ ఉన్నది. సముద్రపుటొడ్డునుండి చేపలగంపలను వీపున మోసి తెచ్చు స్త్రీలున్నారు. ఆ గంపలభారమునకు ముందుకు వంగిన వారి మెడలున్నవి. మూసిన కుర్చీపల్లకీలను మోయు ఉత్తరకొండల బోయీలున్నారు. వెలిసిన ఎఱ్ఱకోటులు తొడిగి, పొడవైన గొడ్డండ్లు పట్టుకొని, బడిపిల్లలచేత గేలిచేయబడుచు నగరమును కాపాడిన ముసలి రక్షకభటులున్నారు. ఆ రక్షకదళము 1817లో రద్దయ్యెను. మఱుసటియేడు వాల్టర్ స్కాట్ తన 'మిడ్‌లోథియన్ హృదయము' అను నవలలో వారిని స్మరించుచు, వారిలో కొందఱి రూపములను నిలిపినది జాన్ కేయే యని పేర్కొనెను. న్యాయాధిపతికి ఎంత రేకో, ఉప్పమ్మికి అంత రేకు. ఈ సమదృష్టి ఆ శతాబ్దపు గొప్ప చిత్రకారులలో ఎందఱికి కలదు?

1786లో అతడు తన రూపమును కూడ తానే చెక్కుకొనెను. పాతకాలపు కుర్చీలో ఆలోచనామగ్నుడై కూర్చున్నాడు. కుర్చీవీపుపై అతని పెంపుడుపిల్లి, స్కాట్లండులోకెల్ల పెద్దదని ప్రతీతిగన్నది, ఎక్కి కూర్చున్నది. గోడకు పటములు, బల్లపై చిత్రలేఖనసామగ్రి, ఒకప్రక్క హోమరు మహాకవి ప్రతిమ. పాఠశాలచదువు సరిగా లేని మంగలి తన బల్లచెంత హోమరును నిలుపుకొనుటలో అతిశయము కలదని తోచవచ్చును గాని, నాకట్లు తోపదు. అప్పటికి లిల్లీ మరణించి ఒక యేడయ్యెను. మఱుసటియేడు మార్గరెట్ స్కాట్ అను ఆమెను అతడు పెండ్లాడెను. ఆమె అతనిని జీవితాంతము కనిపెట్టి చూచెను. కుమారుడు విలియమును చిత్రకళయందు తండ్రికి సహాయుడయ్యెను. మితభాషి, నిరాడంబరుడు, తనపనికంటె వేఱు వ్యసనమెఱుగనివాడు అని పరిచితులు చెప్పుకొనిరి. అతడు చెక్కిన రేకులు కడపట తొమ్మిదివందలకు సమీపించెను.

1824 నవంబరులో ఎడింబరోలో మహాగ్నిప్రమాదము సంభవించి, హైస్ట్రీటు దక్షిణపార్శ్వమునను పార్లమెంటు ఆవరణ తూర్పుభాగమునను ఉన్న ఎత్తైన మేడలను బూడిదచేసెను. జాన్ కే చిత్రించిన నగరము అతని కన్నులయెదుటనే కొంత కాలిపోయెను. 1826 ఫిబ్రవరి 21వ తేదీన, ఎనుబదినాలుగవయేట నడుచుచుండగా, హైస్ట్రీటులోని 227వ సంఖ్యగల యింటిలో అతడు కన్నుమూసెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో అతనిని ఖననము చేసిరి. విలియము 1830లోను, మార్గరెట్ 1835లోను గతించిరి. తన పటములకు తగిన వివరణలతో గ్రంథముగా ప్రకటింపవలెనని జాన్ కే చిరకాలము కోరుకొనెను. బ్రదికియుండగా ఆ కోరిక నెఱవేఱలేదు. మార్గరెట్ మరణానంతరము రేకులను హ్యూ పేటన్ అను బంగారుపూతపనివాడు కొని, జేమ్స్ పేటర్‌సన్ వ్రాసిన జీవితకథలతోను, జేమ్స్ మెయిడ్‌మెంట్ పరిష్కారముతోను, 1837, 1838 సంవత్సరములలో రెండు పెద్దసంపుటములుగా వెలువరించెను. పదునెనిమిదవ శతాబ్దపు ఎడింబరోను గూర్చి వ్రాయబడిన గ్రంథములు పెక్కు కలవు. అచ్చటి తత్త్వవేత్తల సిద్ధాంతములను, న్యాయాధిపతుల తీర్పులను వివరించునవియు కలవు. వానిని చదువగోరువారు ముందుగా పేటన్ సంపుటములను తెఱచి, ఆ మనుష్యుల ముఖములను ఒక్కమారు తీఱికగా చూచి, ఆ పిమ్మట చదువ నారంభింతురుగాక.